వాడకట్టు

లాలాగూడ రైలు పట్టాలకు ఇవతల
మా బడి.
ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు,
మూడు వందల పన్నెండు మంది.
ఎ సెక్షన్‌కు ఫ్యాన్లు తిరిగేవి,
బి సెక్షన్‌కు కిటికీలుండేవి,
సి సెక్షన్‌కు నేనుండేదాన్ని.

ఇరవై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను.
గంట కొట్టగానే చేతుల సుద్ద దులుపుకొని
ఇంకో గది,
ఇంకో ముప్పై అయిదు తలకాయలు, నూనె మెరుపులు.
పేపర్లు దిద్దేటప్పుడు మాత్రం
చేతిరాతలు గుర్తుపట్టేదాన్ని.
ఏడును ఒకటిలా రాసే పిల్ల ఎవరో
మార్చి దాకా తెలిసేది కాదు,
మార్చి అయ్యాక అక్కర పడేది కాదు.

జూన్‌లో ఫర్హత్ జబీన్ మేడమ్ హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది.
మొదటి మీటింగులోనే సుద్దముక్కతో
బడిని నాలుగు ముక్కలు చేసింది.
ముక్కకు డెబ్బై ఎనిమిది మంది,
ఆరూ ఏడూ ఎనిమిదీ కలిపి.
మూడేళ్ళూ అవే పిల్లలు, అవే టీచర్లు.
"దీన్ని తెలుగులో ఏమందాం?" అని అడిగింది.
సముదాయం అన్నాడు తెలుగు సారు విద్యాధర్.
సర్కారు కాగితంలా ఉందన్నాం.
జట్టు అంటే కబడ్డీ. మంద అంటే గొర్రెలు.
చాయ్ తెచ్చిన అటెండర్ అనసమ్మ
ట్రే దించకుండానే అంది:
"వాడకట్టు అనుండ్రి.
మా వాడకట్టుల ఎవలింట్ల పొయ్యి ముట్టియ్యకపోయినా
పక్కింటికి తెలుస్తది."

ఎవరూ నవ్వలేదు.
మేడమ్ రాసేసింది.

గోడలు కట్టడానికి పైసల్లేవు.
బీరువాలను వీపుకు వీపు ఆనించి నిలబెట్టాం,
మిగిలిన సందుకు
ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తిరగేసి కట్టాం.
బీరువా మీదనుంచి సాంఘికం ఇటు దూకేది,
కింది సందులోంచి నా భిన్నాలు అటు పాకేవి.
"కాకతీయుల చెరువుల్లో మూడు బై నాలుగు వంతుల నీళ్ళు" అని
ఒకడు పరీక్షలో రాస్తే
మార్కు ఎవరు వెయ్యాలో ఇప్పటికీ తేలలేదు.

స్టాఫ్‌రూమ్ పోయింది.
పదిహేనేళ్ళు నా పక్క కుర్చీలో డబ్బా విప్పిన మణిమాల
ఇప్పుడు నల్లా వాడకట్టు.
నేను మెట్ల వాడకట్టు.
ఆమె చింతచిగురు పప్పు కోసం
అవతలికి వెళ్ళాలంటే మొహమాటం.

పిల్లల జాబితాలు పంచింది నేనే.
మార్కులు, ఇంటి దూరం, పేరులో మొదటి అక్షరం,
ఎవరూ వంక పెట్టలేని లెక్క.
ఆ లెక్క సరిగ్గా
సుమయ్యకూ కనకలతకూ నడుమ నుంచి పోయింది.
ఒకే బాటిల్‌లో నీళ్ళు తాగే పిల్లలు.
ఒకతి నల్లా, ఒకతి మెట్లు.
వారం రోజులు కనకలత నా ముఖం చూడలేదు.
నేను ఆమె నోట్‌బుక్ చూశాను.
ఏడును ఒకటిలా రాసేది
ఆ పిల్లే.

ఆగస్టులో నాగుల్ మూడు రోజులు రాలేదు.
వెనకటి బడిలో అయితే
రిజిస్టర్‌లో మూడు సున్నాలు, అంతే.
ఈసారి ఎనిమిదో తరగతి ఇలియాస్ వచ్చి
"మేడమ్, మనోడు లేడు" అన్నాడు.
మనోడు.
ఆరోవాడికీ ఎనిమిదోవాడికీ ఇదివరకు
తన్నుకోవడం తప్ప చుట్టరికం లేదు.
ఇద్దరం పట్టాల వెంబడి వెళ్ళాం.
వాళ్ళమ్మ పనికి పోతే
గడప మీద చెల్లెను ఎత్తుకొని కూర్చున్నాడు.
చెల్లె చేతిలో నా లెక్కల పుస్తకం,
ఆరో పేజీ నోట్లో.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వస్తున్నాడు.
మిగతా రెండు రోజుల లెక్క
మా వాడకట్టుకు ఇంకా రాలేదు.

నాలుగు వాడకట్టులకు నాలుగు టైంటేబుళ్ళు.
వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను
పొద్దంతా ఎవరూ కొట్టరు.
అనసమ్మ కొంగుతో దాన్ని తుడిచి వెళ్తుంది,
పని పోయిన మనిషిని పలకరించినట్టు.
నాలుగున్నరకు మాత్రం
అందరికీ కలిపి కొడుతుంది,
చేతనైనంత గట్టిగా, కావలసినదానికన్నా ఎక్కువసేపు.

అప్పుడు బీరువాల సందులోంచి
ఒక నీళ్ళ బాటిల్
ఇటు నుంచి అటు పోతుంది.
నేను బోర్డు తుడుస్తూ ఉంటాను,
తుడిచిన చోటే మళ్ళీ.