తొమ్మిది నిమిషాలు

డిసెంబరు ఇరవై ఒకటి. వొమ్జా సంత.
నారెవ్ నది మీంచి వచ్చే గాలికి
గడియారం అద్దం మీద కూడా మంచు పేరుకుంది.
బోగుమీవా నా చేతిలో థర్మామీటరు పెట్టి
"నువ్వు అంకెలు చూడు, నేను మనుషుల్ని చూస్తా" అంది.
ముప్పై ఏళ్లు బడి ల్యాబులో
గాజు గొట్టాలు కడిగిన చేతులు ఆవిడవి.
నేను బస్సు నడుపుతాను. సెలవు పెట్టి వచ్చాను.

మాకు జీతం లేదు, బ్యాడ్జీ లేదు.
ఉన్నదల్లా ఒక రూళ్ల పుస్తకం, రెండు పెన్సిళ్లు,
ఈ చలికి పెన్నులు పనిచేయవు,
చట్టం కాపీ ఒకటి,
దాని అట్టమీద ఆవిడ టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక.

నీలం తొట్టిలో కార్ప్ చేపలు.
లెక్కపెట్టబోయి మానేశాను. వీపుల మీద వీపులు,
ఒకదాని ఊపిరి ఇంకోటి లాక్కుంటున్నట్టు.
ఝెలిస్వావ్ వల ముంచి ఒకదాన్ని తీశాడు,
తూచాడు, రెండు కిలోల మూడొందలు,
చుక్క నీరు లేని సంచిలో వేసి ముడేశాడు.
కొన్న ముసలాయన దాన్ని
బుట్టలో బీట్‌రూట్ల మీద పెట్టుకున్నాడు.
"రాయి" అంది బోగుమీవా. "పదీ నలభై."

ఆయన వెనకే నడిచాం.
రొట్టెల కొట్టు దగ్గర ఆగి
ఎవరిదో కోడలి సంగతి సాంతం విన్నాడు.
సంచి ఒకటే చప్పుడు.
మందుల షాపు మెట్ల దగ్గర ఇంకోసారి.
పదీ నలభై తొమ్మిది.
ఆ తర్వాత రాయడానికేం లేదు.

ఎందుకు ఆపలేదని అడుగుతారు మీరు.
నేనూ అడిగాను, తిరుగుబస్సులో.
రుజువు కావాలి కదా, అంది.
రుజువయ్యేదాకా చావాలి కదా, అన్నాను.
కిటికీ వైపు తిరిగింది. ఇల్లు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో కోర్టు.
ఝెలిస్వావ్ వకీలుకి నవ్వు ఆగడం లేదు.
"చేప అరిచిందా అమ్మా?"
"లేదు."
"కన్నీళ్లు పెట్టుకుందా?"
"దానికి కనురెప్పలే లేవు."
"మరి బాధపడిందని మీకెలా తెలుసు?"
"గిలగిల్లాడింది."
గుమాస్తా టైపు చేసింది: కదిలింది.
"కదిలింది కాదు తల్లీ.
కర్టెన్ కదులుతుంది. కుర్చీ కదులుతుంది.
అది గిలగిల్లాడింది."
జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
గుమాస్తా ఒక్కో అక్షరం చెరిపి
మళ్లీ కొట్టింది.
ఆ రోజు మేం గెలిచింది అంతే,
ఒక క్రియాపదం.

తర్వాత నన్ను పిలిచారు. నిజమే చెబుతానన్నాను.
చెప్పిందంతా నిజమే. చెప్పనిది ఒకటుంది.
నా పర్సులో, లైసెన్సు వెనక, ఒక చేప పొలుసు.
పండగ చేపది దాచుకుంటే
ఏడాదంతా డబ్బు నిలుస్తుందని నాన్న ఇచ్చాడు.
ఆ చేప మూడు రోజులు మా స్నానాల తొట్టిలో ఉంది.
ఆరేళ్లవాణ్ని, గుచో అని పేరు పెట్టి
రొట్టెముక్కలు వేశాను.
నాలుగో రోజు అమ్మ నాకు ఆ తొట్టిలోనే స్నానం చేయించింది.
నీళ్లు వెచ్చగా ఉన్నాయి.
డబ్బు నిలవలేదు. పొలుసు నిలిచింది.

తీర్పు ఏప్రిల్‌లో వచ్చింది.
జరిమానా ఎంతో చెబితే మీరు నవ్వుతారు,
ఝెలిస్వావ్ మాత్రం నవ్వలేదు.

మళ్లీ డిసెంబరు.
బోగుమీవాకి మోకాలి ఆపరేషన్,
థర్మామీటరూ, మరక అంటిన చట్టమూ నాకే మిగిలాయి.
నన్ను చూడగానే ఝెలిస్వావ్ పక్కకి ఉమ్మేశాడు.
ఉమ్మేసి, బకెట్టు అందుకున్నాడు.
సంచిలో చేప, చేప మీద నీళ్లు.
"చాలా, దొరగారూ?"
"ఇంకో రెండు వేళ్లు" అన్నాను.
పోశాడు.

కొన్నావిడ బరువుకి చెయ్యి మార్చుకుంటూ,
నన్ను తిట్టుకుంటూ వెళ్లింది.
వంటింటికే వెళ్తోంది, నాకు తెలుసు.
గడియారం చూసుకున్నాను.
పుస్తకం తీసి, పెన్సిలు మొన నోట్లో వెచ్చచేసుకుని
ఆవిడ వెనకే నడిచాను.