సూర్యుని వంతు

జేసీబీ తవ్విపోయిన నాడు
గుంత మంచిగనే కనబడ్డది.
చెల్క ఎరుపు కింద మొరం, మొరం కింద సుద్ద,
నాలుగు మూలలు తాడుపట్టి గీసినట్టు.
మొదటి వాన సగం నింపింది.
మూడో పొద్దుకు
అడుగున గొర్రెకు గుక్కెడు లేవు.
మర్రిగూడ దిక్కు భూమి గంతే,
ఎంత పోసినా ఇంకా తాగుతనంటది.

ప్లాస్టిక్ కవరు పరువుమన్నడు సారు.
అవుతలి చేన్ల పరిచిండ్రు,
అడివిపందులు ఒక్క రాత్రిల చింపి పెట్టినయి.

గందుకే కుమ్మరి సైదమ్మ కాడికి పోయిన.
మా జంగయ్య నవ్విండు.
ఆమె సారె ఆపి పన్నెండేండ్లాయె,
స్టీలు బిందెలొచ్చి, ఫిల్టరు నీళ్ల డబ్బాలొచ్చి.
పాత చెరువు పూడిక చిటికెడు నోట్లేసుకొని
పండ్ల నడుమ నూరి ఉమ్మేసింది.
"ఇసుక కరకరమంటుంది. ఇది గాదు, తూము కాడిది తే."
తూము కాడిది పాములెక్క పొడుగు నలిపి
వేలికి ఉంగరం చుట్టింది.
పగుల్లేదు.
"ఇది పట్టుద్ది."

అరవై రెండు ట్రిప్పులు.
జానెడు మందం పరిచి, తడిపి, ఒక పూట ఆరనిచ్చి
కురుమ ఐలేశును మంద తోలుకరమ్మన్న.
రాత్రి చేన్ల మంద పెట్టుడు ఎరుకే గాని
పగలు గుంతల తొక్కించుడు ఆయనకూ కొత్తే.
మూడు వందల గొర్లు, పన్నెండు వందల గిట్టలు,
పొద్దుగూకే దాకా గిరగిర.
పిల్లలయి లోతుకు దిగలే,
మీదమీద కుట్లేసినట్టు నడిచినయి.

గట్టు వాలు మీద గొర్లు నిలువలే.
సైదమ్మ కొంగు నడుముకు చెక్కి
అటక మీది సలప దించుకొచ్చింది.
ఫ్లోరైడు మోకాళ్లు వంగవు,
నిలబడే కొట్టింది, టప్ టప్ టప్.
"కుండకైతే కడుపుల రాయి ఒత్తిపట్టాలె.
దీనికి ఎనక భూమే పట్టుకున్నది."

నీళ్లు ఒక్కసారి ఇడువద్దట.
గోనెసంచులు పరిచి వాటి మీద సన్నధార.
పక్కచేను ఎంకట్రాములు బోరు,
గంటకింత అని లెక్క, రెండు రాత్రుల కరెంటు.
తుమ్మకట్టెకు కత్తితోని గీతలు గీసి నడుమ పాతిన.
తెల్లారి జూస్తె మూడు గీతలు తగ్గినయి.

"ఒక గీత సూర్యునిది. అది అడుగద్దు.
ఒకటి కొత్త మన్ను తాగింది, తాగనియ్యి.
మూడోదే దొంగది."
పిడికెడు తవుడు నీళ్ల మీద చల్లింది.
గాలి లేదు.
తవుడు కొద్దిసేపు ఆలోచించి
తూర్పు మూలకు కదిలింది.
అక్కడ చెయ్యి పెట్టి దేవితే
పురుగు తిన్న మోదుగ వేరు, వేలు పట్టేంత సందు.
ముద్ద కూరి అరచేత్తో అదిమింది.
ఆ అయిదు వేళ్ల అచ్చు నీళ్ల కిందనే ఉంటది,
ఎండాకాలం దాకా ఎవ్వలికి కనబడది.

నాలుగో పొద్దు ఒక్క గీతే.

కూలి ఎంతియ్యాలె అంటే,
"మిగిలిన మన్ను ఒక ట్రాక్టరు నా వాకిట్ల పొయ్యి."
ఇప్పుడేం జేస్తవవ్వా దాన్ని?
"ఏం జేస్త.
వానొస్తే వాసనొస్తది."