శతకోటి ఏడు

చాక్వి టీ కార్ఖానా మూతపడ్డ రెండో చలికాలం.
నల్లసముద్రం మీంచి వాన. తీగల్లో కరెంటు లేదు.
తూకం గుమాస్తా సిత్సినో దగ్గర
రాయని చిట్టాలు పదకొండు,
లెక్కపెట్టి వెలిగించుకునేన్ని కొవ్వొత్తులు.

ఆ ఏడు డబ్బుకి సున్నాలు కాశాయి.
శతకోటి అని మనం దరిద్రాలకి చెప్పే లెక్క
అక్కడ ఓ సంచెడు కాగితాలు.
రొట్టె వరసలో ఎవరి వంతు వాళ్ళ అరచేతిలో సిరాతో రాసేవారు.
ఆమెది ఏడు.
ఇంటికొచ్చినా చెరగలేదు, సబ్బు లేదు.
ఆ ఏడుని శతకోటికి కలిపి అట్ట మీద రాసింది:
1000000007.
అటు ఒకటి, ఇటు ఏడు, నడుమ ఎనిమిది సున్నాల ఖాళీ వీధి.
దీన్ని ఎవరైనా సమంగా పంచగలరా?

ముందు జల్లెడ పట్టాలి.
టీ పొడికి ముప్ఫై ఏళ్ళు పట్టిన చేతులే.
రెండు గుణిజాలు రాలాయి, మూడువి, అయిదువి,
పైన ముతక రకం మిగిలింది, ఎవరికీ లొంగనిది:
మూడు వేల నాలుగు వందల ఒక్క ప్రధాన సంఖ్యలు.
చివరిది 31607. అక్కడితో చాలు.
అంతకన్నా పెద్దది భాగించాలంటే చిన్న తోడు ఒకటి కావాలి,
ఆ చిన్నది అప్పటికే గుమ్మం దాకా వచ్చి పోయుంటుంది.

వాళ్ళ భాష ఇరవైలతో లెక్కిస్తుంది:
తొంభై ఏడంటే నాలుగిరవైల పదిహేడు.
అందుకని రాత్రికి ఇరవై భాగహారాలు.

రెండు వచ్చి ఒకటి వదిలింది.
మూడు వచ్చి రెండు. అయిదు వచ్చి రెండు.
ఏడు, ఆమె అరచేతి ఏడే, ఆరు మిగిల్చింది.
పదకొండూ ఆరే. పదమూడూ ఆరే.
పదిహేడు పద్నాలుగంది.
పంతొమ్మిది మళ్ళీ ఆరు.
మీ నలుగురూ ఒక ఇంటివాళ్ళా, అని ఖాళీ గదిని అడిగింది.
అవును. శతకోటి ఒకటి అనే పొరుగింటివాళ్ళు,
అక్కడ నలుగురికీ వాటా ఉంది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి సున్నా వచ్చింది.
ఏ సంఖ్యకో చెప్పను, దాని పరువు పోతుంది.
వానలో వెళ్ళి అంజోర్ తలుపు కొట్టి
"చీలింది!" అంది.
పైకప్పనుకుని అతను నిచ్చెన తెచ్చాడు.
పొద్దున్నే చూస్తే, మూడో వరసలో
పక్క అంకె దగ్గర అప్పు తెచ్చి తీర్చడం మరిచింది.
ఆ ఏడు ఊరంతా చేసిన పనే.
అప్పు తీర్చింది. సున్నా పోయి శేషం నిలబడింది.

కార్ఖానాలో శేషమంటే దొంగతనం, లేదా తడి.
పిడికెడు ఆకు తేడాకి సంజాయిషీ రాసిచ్చిన మనిషి.
ఇక్కడ రాత్రికి ఇరవై తేడాలు,
ఒక్కదానికీ అడిగేవాడు లేడు.
మొదట్లో అది భయంగా ఉండేది.

నూట డెబ్బై రాత్రులయ్యాయి. ఒకటి మిగిలింది.
కత్తిరించేవాళ్ళు లేక మనిషెత్తు పెరిగిన టీ పొదలు
చిగురేస్తున్న ఏప్రిల్‌లో
ఆ ఒక్కదాన్నీ పగలే చేసింది, కిటికీ దగ్గర.
31607 లోపలికెళ్ళింది, 31638 సార్లు,
17741 వదిలి బయటికొచ్చింది.

"ఇంతా చేస్తే ఏమొచ్చింది?" అన్నాడు అంజోర్.
"అదే వచ్చింది," అంది.

చిట్టాలో తేదీ వేసింది. సరుకు గడిలో పది అంకెలు.
పుచ్చుకున్నవారి గడి ఖాళీ.
చివర, పాత అలవాటు దస్తూరీలో:
విడదీయ వీలులేదు. ఒకే బస్తా.

ఆ పూట రొట్టెకి ఆలస్యమైంది.
అరచేతిలో యాభై ఏడు.
సిరా ఆరేలోపే అది
మూడు పంతొమ్మిదులుగా విడిపోయింది.