సున్నా నంబరు లాట్

శాలువా పైసలకు చిల్లర లేదని
బషారత్ ఏడు గడ్డలు చేతిల పోసిండు.
ఎల్లిగడ్డ రెబ్బకంటె కొంచెం లావు,
పైన జాలీ తీరు పీచు.
"క్రోకస్. మా దిక్కు మంచు కరుగుతుంటె
మంచును పొడుచుకొని లేస్తది" అన్నడు.
"మాకు మంచేది భాయ్?" అంటె
నా ఎనుకున్న ఇనుప తలుపు చూపిచ్చి నవ్విండు.

నిజమే.
నేను కూసునేది కోల్డ్ స్టోరేజి గేటు కాడ.
ఎనుమాముల మార్కెట్ల ధర రాని మిర్చి
ధర వచ్చేదాక పండుకునే జాగ.
రోళ్లు పగిలే ఎండల్ల
మా హమాలీలు స్వెట్టర్లేసుకొని పనికొస్తరు,
తొవ్వొంట పోయేటోళ్లు ఆగి చూస్తరు.

ఉత్త నల్లరేగడైతె తడి పట్టి కుళ్లుతయని
ఆకేరు వాగు ఇసుక సగం కలిపిన.
పాత పెయింటు డబ్బ, అడుగున మేకుతోని ఐదు బొక్కలు.
మొన పైకి, నాలుగు వేళ్ల లోతు.
ఒక గడ్డకు మొన ఎటుందో తెలువక
పక్కకు పండవెట్టిన,
పైకేదో దానికి తెల్వదా.

"పండ్ల గదిల పెట్టకక్కా, ఆ ఆవిరికి మొగ్గ సస్తది"
అన్నడు అమోనియా మిషిన్ చూసే కొంరెల్లి.
మూడో అంతస్తుల, చపాట బస్తాల నడుమ
రెండడుగుల సందు దొరికింది.
రిజిస్టర్ల రాసిన:
లాట్ నంబరు సున్నా. డబ్బ ఒకటి.
రైతు పేరు కాడ పెన్ను ఆగింది.
బొల్లం సుగుణ అని రాసి
సిరా ఆరేదాక చూసిన.

కార్తీకం పాయె, పుష్యం పాయె.
పదిహేను దినాలకోపారి చాయ్ గిలాసెడు నీళ్లు.
టార్చి ఏసి చూస్తె మట్టి మట్టే.
ఒకనాడు మనసాగక వేలు పెట్టి తవ్వబోయిన,
మిర్చి ఘాటు కండ్లకెక్కి
ఏడ్చుకుంట మెట్లు దిగిన.

మేడారం బస్సులు బెల్లం బంగారంతోని తిరిగొచ్చిన వారం
పైకెల్లి ఓదెలు ఒర్లిండు:
"సుగుణక్కా, నీ డబ్బకు పాలపండ్లు మొలిచినయి!"

తెల్లగ, సన్నగ, ఐదు.
ఒకటి కుళ్లింది. ఒకటి లేవనే లేదు.
పక్కకు పండవెట్టింది మాత్రం
వంగి, తిరిగి, బయటికొచ్చింది.

ఒక్కపారే ఎండకు పెట్టొద్దు గద.
రెండు దినాలు కాంటా గోడ నీడల ఉంచిన.
మూడోనాడు పొద్దు గోడెక్కంగనే
రెండు విచ్చుకున్నయి,
వంకాయ పూత రంగు, నడుమ నారింజ పోగు.
కొత్త మిర్చి బండ్లు గేటు బయట వరుస కట్టినయి.
డ్రైవర్లు హారన్ కొడుతున్నరు.
ఓదెలు నెత్తి తువ్వాల తీసి,
మోకాళ్ల మీద కూసొని, ముక్కు దగ్గరికి పెట్టి
తుమ్మిండు.
ఏడు తుమ్ములు. పూవుకు కూడ మిర్చి వాసనే.

పగటీలికి రెక్కలు జారినయి.
మాపటికి మూసుకున్నయి.
తెల్లారి ఒకటే విచ్చింది, అదీ సగం.

ఆకులు కోయలేదు.
పూవు పోయినంక గడ్డకు బువ్వ పెట్టేది అవేనట,
పసుపువడేదాక నీళ్లు పోసిన.
ఎండలు ముదిరినంక తవ్వి చూస్తె
పాత గడ్డ ఎండి బిళ్లయింది,
దాని నెత్తిమీద కొత్తది,
శెనగ గింజంత.
కాయితం పొట్లం కట్టి, పేరు రాసి, అటకెక్కిచ్చిన.

ఈ చలికాలం బషారత్ మళ్లొచ్చిండు.
పూసిన సంగతి చెప్తె నమ్మలే.
"మేమెవ్వరం పెంచం, వాటంతటవే వస్తయి" అన్నడు.
ఆ మాటకు నాకెందుకో కోపమొచ్చింది.
శాలువా కొనలే.

ఈ ఏడు ఉత్త ఆకులే.
గడ్డి పోచల తీరు, నడుమ తెల్ల గీత.
గడ్డ బలువడాలె, ఇంకో రెండేండ్లు పట్టొచ్చు.

నిన్న సేటు లెక్కలు చూసుకుంట అడిగిండు,
"ఈ సున్నా లాట్ ఎవలది?
రెండేండ్ల సంది సరుకు తీస్తలేరు, అద్దె కట్టలేరు."
నాదే అన్న.
రెండు బస్తాల కిరాయి జీతంల పట్టుకొమ్మన్న.
రసీదు కూడ నేనే రాసిన,
నిల్వ అన్న కాడ టిక్కు పెట్టి.