వరదగుడి

సొహార్‌లో తెల్లవారుజామున మూడున్నరకి
నూట ఎనభై స్టీలు డబ్బాలు నోళ్లు తెరుస్తాయి.
భూమయ్య గరిటె ఎత్తుతాడు.
అన్నం, కోడికూర, మూత. అన్నం, కోడికూర, మూత.
బస్సు కదిలేసరికి డబ్బాలింకా వెచ్చగానే ఉంటాయి,
పన్నెండున్నరకి సైటులో మూత తీసినప్పుడూ వెచ్చగానే.
ఆ మధ్య తొమ్మిది గంటలు
ముందుగా ఎవరు తిన్నారో
నాకు తెలుసు.

నా పని అదే.
రేవు రోడ్డు పక్క ల్యాబులో
గాజు పళ్లేల మీద వాటిని పెంచి లెక్కపెట్టడం,
నందలూరులో మా అమ్మ పొద్దుగూకే వేళ
కోడిపిల్లల్ని వేలు చూపిస్తూ లెక్కపెట్టినట్టు.

జూన్‌లో ఒకే రోజు ముప్పై ఒక్కమంది పడ్డారు.
డబ్బాల్లో మిగిలిన మెతుకులు నా బల్ల మీదికొచ్చాయి.
ఉడికితే చచ్చే పురుగులు కొన్ని.
మరిగే నీళ్లలోనూ విత్తనంలా ముడుచుకు పడుకుని
అన్నం గోరువెచ్చనయ్యాక లేచి కూర్చునేవి కొన్ని.
ఇవి రెండో రకం.
నంబరు వేశాను, సంతకం పెట్టాను.
కంపెనీ వంటవాణ్ణి తిట్టింది.
బస్సులోకి ఐసు పెట్టెలు మాత్రం కొనలేదు.

తిట్లు తిన్న భూమయ్య నన్ను గేటు దగ్గర ఆపాడు.
"మేడమ్, మా దిక్కు పొలంకాడికి సద్ది కట్టుకపోయేటోళ్లం.
చింతపులుసు కలిపిన బువ్వ పొద్దుగూకేదాంక ఏంగాకపోయేది.
గా పురుగుకు పులుపంటె భయమా?"

నాకు నవ్వు రాలేదు.
శుక్రవారం, ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు
అతని పోపులపెట్టె తెప్పించుకున్నాను.
వెల్లుల్లి దంచాను, లవంగాలు స్పిరిటులో నానేశాను,
పసుపు, ఇంగువ.
మర్చిపోయిన ఫోన్ కోసం వచ్చి
మౌజా తలుపు తీసింది. నా పై అధికారి.
ఉద్యోగం పోయిందనుకున్నాను.
ఆమె హ్యాండ్‌బ్యాగు వెతికి
గులకరాయంత లోబాన్ ముక్క తీసి, "ఇదీ పెట్టు" అంది.
సలాలాలో వాళ్ల అవ్వ నీళ్లకుండకి దీని పొగ పట్టేదట.
ఎందుకని అడిగితే
నీళ్లు నిద్రపోవడానికి అనేదట.

చిన్న కాగితపు బిళ్లలు, ఒక్కోటి ఒక్కో రసంలో ముంచి
పురుగు పరిచిన పళ్లెం మీద పెట్టాం.
రాత్రంతా ముప్పై ఏడు డిగ్రీలు,
మనిషి ఒంటి వేడి.

పొద్దున్న చూస్తే
పసుపు ఎక్కడ పెట్టింది అక్కడే, గడపకి పూసినట్టు.
తెగిన ప్రతిచోటా దాన్నే అద్దిన నా చెయ్యి
కాస్త చిన్నబుచ్చుకుంది.
ఇంగువ వాసన కొట్టింది, అంతే.
లోబాన్ చుట్టూ గోటిచంద్రుడంత ఖాళీ,
మౌజా దాన్ని ఫోటో తీసి అవ్వకి పంపింది.
లవంగం చుట్టూ, వెల్లుల్లి చుట్టూ మాత్రం
మబ్బు తప్పుకున్న గుండ్రటి తేట,
ఆ అవతల మసక.

చింతపండుకి బిళ్లతో పనిలేదు.
పులుపన్నం ఒక డబ్బా, వట్టి అన్నం ఒక డబ్బా,
నా కారు డిక్కీలో తొమ్మిది గంటలు ఎండకి పెట్టాను.
ఒక్కసారికి నిజం తేలదు గనక మళ్లీ పెట్టాను.
మళ్లీ.
కారు ఇప్పటికీ వాసనే.

రిపోర్టు ఫారంలో చింతపండుకి గడి లేదు.
ఐసు పెట్టెలు కావాలని నాలుగోసారి రాసి
భూమయ్యకి ఫోన్ చేశాను.
"ఏం కనబడ్డది మేడమ్?"
"వరదగుడి" అన్నాను.
అవతల ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు.
"దగ్గరనా, దూరమా?"
"ఇరవై రెండు మిల్లీమీటర్లు."
"గంతేనా! దగ్గర గుడి దూరపు వాన గద."

మర్నాడు మూడున్నరకి
నూట ఎనభై డబ్బాలు నోళ్లు తెరిచాయి.
కోడికూర రాత్రికి మారింది.
గరిటె పుల్లగా, పచ్చగా దిగింది.
ఇసుకలో, రేకు నీడలో మూతలు తీసి
ఎవరో అరిచారట,
"ఇయ్యాల ఏం పండుగ భూమన్నా?"
"తిను" అన్నాడట.