లాభం, రెండు

మా ఊరి పేరు ఫిలిం.
ఒట్టు. ఒమాన్‌లో, సముద్రం నడుం వాల్చే చోట.
సినిమా హాలు లేదు. ఎండుచేపల వాసన, ఒక మసీదు,
రాత్రి పదింటికి దగ్గి ఆగిపోయే జనరేటరు,
మా అమ్మ నర్సుగా ఉన్న రెండు గదుల ఆసుపత్రి.
సెలవులకి రేపల్లె వెళ్తే పిల్లలు చుట్టూ మూగేవాళ్లు:
"ఫిలింలో ఉంటావా హెప్సిబా? హీరో ఎవరే?"

అమ్మ మాత్రలు లెక్కపెట్టేటప్పుడు
ఒకటి అనేది కాదు, లాభం అనేది.
లాభం, రెండు, మూడు...
ఏడు దగ్గర గొంతు తగ్గించి, ఆరున్నొకటి.
కల్లంలో వడ్లు కొలిచిన తాత నోట్లోంచి
పారాసిటమాల్ దాకా నడిచొచ్చిన లెక్క.
జాలర్లు అదేదో ప్రార్థన అనుకుని
మాత్రలు చేతిలో పడేదాకా తల వంచుకుని నిలబడేవాళ్లు.

నాకు తొమ్మిదేళ్లు.
ఖమీస్ కూతురికి నొప్పులు, లోపల కేకలు.
"పిల్లని కాసేపు బయటికి తీసుకుపో" అంది అమ్మ.
ఎవరు ఎవర్ని తీసుకెళ్లారో ఇప్పటికీ తెలీదు.
చెయ్యి వణికింది ఆయనది.

ఆటు వేళ. సముద్రం ఎక్కడికో పోయింది.
కనుచూపు మేరా అడుసు,
ఎవరో అలికి, ముగ్గు మరిచిపోయిన వాకిలిలా.
నా కుడికాలి చెప్పుని బురద మింగేసింది.
నేను ఏడుపు అందుకునేలోగా
నేల లేచింది.

ఇంతకన్నా బాగా చెప్పడం నాకింకా రాలేదు.
నేల లేచింది.
తెల్లగా తిరిగి, నల్లగా తిరిగి,
తడిచీర దులిపినట్టు ఒక్క విదిలింపు,
మళ్లీ వాలి బురదైపోయింది.
ఉల్లంకి పిట్టలు.
ఎన్ని, అన్నాను.
"దేవుడికి తెలుసు" అన్నాడు ఖమీస్,
బాకీ తీరిపోయినవాడిలా.
నాకది చాల్లేదు.

వల అంచున ఒకటి చచ్చి పడుంది, నిమ్మకాయంత.
కాలికి రేకు ఉంగరం, దానిమీద అక్షరాలు.
ఆయనకి చదువు రాదు. నేనే కూడబలుక్కున్నాను: మాస్కో.
"అదెక్కడ?"
"మంచు ఉండేచోట."
మంచు నేను ఫ్రిజ్‌లోనే చూశాను.

తిరిగొచ్చేసరికి మగబిడ్డ.
మూడు కిలోల వంద గ్రాములు, అని రాస్తోంది అమ్మ.
బిడ్డని దించిన త్రాసు మీద నా పిట్టని పెట్టాను.
తిట్టింది. డెట్టాల్ సీసా అందుకుంది.
వెంటనే మాత్రం తియ్యలేదు.
ముగ్గురం వంగి చూశాం.

ముల్లు కదల్లేదు.

జరిగింది ఇంతే.
దీన్ని పిలుపంటారో, మొండితనమంటారో.
ముప్పై రెండేళ్లయింది.
మధ్యలో చదువులు, రెండు దేశాల చలి,
"బురదలో ఉద్యోగమా" అని కాఫీ సగంలో లేచిపోయిన ఒక సంబంధం.
ఏటా జనవరికి ఇక్కడే,
టెలిస్కోపు మూడు కాళ్లూ, నా రెండు కాళ్లూ అడుసులో.
పడవ నడిపేది ముసల్లం,
ఆ మూడు కిలోల వంద గ్రాములే.
ఇప్పుడు వాడు కూర్చున్న వైపుకి పడవ ఒరుగుతుంది.

లెక్క తగ్గుతోంది.
పోయినసారి పెద్ద ఉల్లంకులు వాలే దిబ్బమీద
పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూస్తే
వేళ్లమీదికి వచ్చాయి. రిపోర్టులో ఆరు, ఒకటి అని
విడివిడిగా రాశాను.
మస్కట్ ఆఫీసు నుంచి ఫోను:
మేడం, ఏడే కదా?
అవును బాబూ, ఏడే.

ఇంత పిట్ట లేకపోతే లోకానికేం, అంటారు.
ఏమీ కాదు. ముల్లు కూడా కదలదు.
నా కళ్లతో చూశాను కదా.

తెల్లారుతోంది. పోటు మొదలైంది.
ముసల్లం ఇంజను ఆపాడు.
నీళ్లు అంచులు కొరుకుతున్న ఇసుక మీద
మొదటిది వచ్చి ఒంటికాలి మీద నిలబడింది.
పెన్సిల్ నాలిక్కి తడిచేసుకుని
పైకే అంటాను,
లాభం.