మైనస్ పదకొండు

పేరు ముందు కనబడింది. మనిషి తర్వాత.
బరంపురం దేశిబెహరా వీధి చివర, సాహు కేబుల్ దుకాణంలో,
ఠాకురాణి యాత్ర ముగిసిన మర్నాటి రాత్రి
ఒంటిగంటప్పుడు, తెర అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో:
అప్పల్సామి.

"ఏటిది, మనోడేటి?" అన్నాడు కూర్మయ్య.
పేరు పక్కన ఆరు రంగుల జెండా.
ఒక్క చీరకి అన్ని రంగులు వేస్తే సావుకారు తిడతాడు.
దక్షిణాఫ్రికా, అన్నాడు సాహు.
చెరుకు తోటలకని గంజాం నుంచి పోయి ఓడలెక్కినోళ్ళ
మునిమనవడై ఉంటాడని నేనన్నాను.
మా తాత తమ్ముడొకడు నేటాలని చెప్పి పోయాడు,
ఉత్తరం ముక్క రాలేదు.
చుట్టం అని అనను. మా వీధిలో మూడిళ్ళకొక అప్పలసామి.

ఆట మొదట అర్థం కాలేదు.
అంత గడ్డి, ఒక్క ఆవు లేదు.
మనిషి నడుస్తాడు, ఆగుతాడు,
గొంతుక్కూర్చుని నేలని చూస్తాడు
పోగు తెగిన చోటుని నేను చూసినట్టు.
అది నచ్చింది.

తర్వాత లెక్క.
సావుకారు పుస్తకంలో నా పేరు పక్కన మైనస్ అంటే అప్పు,
తెచ్చుకున్న పట్టు, ఇంకా ఇవ్వని చీర.
అక్కడ అప్పల్సామి పక్కన మైనస్ పడితే చప్పట్లు.
ఎంత తక్కువ కొడితే అంత పైకి.
లోటుకి దండ వేసే చోటొకటి భూమ్మీద ఉందని
నలభై మూడో ఏట తెలిసింది నాకు.

కూలి పుస్తకం వెనక పేజీల నుంచి
అతని లెక్క రాయడం మొదలెట్టాను.

మొదటి ఏడు: పదకొండు పోటీలు, తొమ్మిదింట కట్ తప్పాడు.
మా దగ్గర కోత మంచి మాట,
చీర పూర్తయి మగ్గం మీంచి దిగడం.
వాళ్ళకది రెండ్రోజులు చూసి ఇంటికి పొమ్మనడం.
తొమ్మిదిసార్లు పోయాడు.

ఒకసారి వ్యాఖ్యాత చెప్పింది
సాహు కొడుకు తెలుగు చేశాడు:
ఇతని నాన్న తెల్లోళ్ళ సంచులు మోసే కేడీ.
పొద్దుగూకాక తుప్పల్లో దొరికిన బంతులతో
కొడుక్కి నేర్పాడట. ఆ క్లబ్బు గుమ్మం దాటి
ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి ఎరగడట.
కూర్మయ్య బీడీ ఆర్పేశాడు.
మేం నేసిన చీరల పెళ్ళిళ్ళకి
మమ్మల్నెవరు పిలిచారు గనక. నేను ఆ మాట అనలేదు.

రెండువేల నాలుగు. స్కాట్లాండో, ఐర్లాండో, వాన దేశం.
ఆదివారం రాత్రి, మూడు గుంతలు మిగిలుండగా
వీధికంతా కరెంటు పోయింది.
సాహు జనరేటరు తాడు లాగుతూనే ఉన్నాడు.
బొమ్మ వచ్చేసరికి అతను టోపీ తీసి నుంచున్నాడు,
పేరు పక్కన మైనస్ పదకొండు.
గెలుపు చూశాం. గెలిచిన దెబ్బ చూడలేదు.
కూర్మయ్య మాత్రం చూశానంటాడు, ఈరోజుకీ.

ఆ నెల చీరకి కుంభాల అంచు పక్కన
పదకొండు పచ్చ పోగులు దూర్చాను.
సావుకారు పట్టేశాడు. తప్పని నూట పది రూపాయలు కోసుకున్నాడు.

ఆపైన అంతా చిన్న అక్షరాలు.
ముప్ఫై నాలుగో స్థానం. అరవయ్యోది. ఎడం మణికట్టు. ఆపరేషను.
ఒక ఏడు పేరే లేదు, పేజీ ఖాళీగా వదిలాను.
ఆ ఏడు నేనూ మగ్గం విప్పేసి
గోపాల్‌పూర్ పోర్టులో బస్తాలు లెక్కెట్టాను.

ఆఖరుసారి డర్బన్‌లో, వెనకాల సొంత ఊరి సముద్రం.
రెండడుగుల బంతి, చంటిపిల్ల తోసినా పడేది,
గుంత అంచు చుట్టూ తిరిగి బయటికొచ్చింది.
నవ్వాడు. నిజంగానే.
మళ్ళీ తట్టి, గుంతలోంచి తీసి
సంచి మోసే కుర్రాడి అరచేతిలో పెట్టాడు.
ఒక్క దెబ్బ తేడాతో కట్ తప్పాడు.

మొన్న లెక్క తేలక నా పుస్తకం అడిగాడు సావుకారు.
తిరగేసి పట్టుకుని వెనక నుంచి తెరిచాడు,
కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.
"ఎవడయ్యా ఈ అప్పల్సామి, ఏటేటా ఇంత బాకీ?"

తీర్చేశాడండీ, అన్నాను.